పదిహేడో బ్యాచ్

మీటరు మీద అంకె: రెండు వందల ముప్ఫై ఎనిమిది.

వరూధిని కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. అంకె మారలేదు.

ఆమెకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. షుగరు లేదు. ఇంట్లో ఎవరికీ లేదు. మూడు రోజులుగా ఉన్నదల్లా చికున్‌గున్యా. 2006 అక్టోబరులో బెంగుళూరులో వీధికి పది మందికి ఉన్నదే. మంచం దిగాలంటే మోకాళ్ళు, గ్లాసు ఎత్తాలంటే మణికట్టు ప్రాణం తీస్తున్నాయి. మారతహళ్ళి అద్దె ఫ్లాటులో పడుకుని పడుకుని విసుగొచ్చి, తన ల్యాబులో తయారైన షుగరు పరీక్ష పట్టీ మీద తన వేలి రక్తమే వేసి చూసుకుంది. అంతే.

నాకు షుగరొచ్చిందా? అదీ ఆమె మొదటి ఆలోచన.

రెండో ఆలోచన రావడానికి పదిహేను సెకన్లు పట్టింది. 

నాకు రాకపోతే?

అల్మారాలోంచి ఇంకో పెట్టె తీసింది. పదహారో బ్యాచ్. అదే వేలు నొక్కి ఇంకో చుక్క వేసింది. తొంభై ఏడు. మళ్ళీ పదిహేడో బ్యాచ్ పట్టీ తీసింది. రెండు వందల నలభై ఒకటి.

ఒకే మనిషి. ఒకే వేలు. ఒకే నిమిషం.

ఆ పట్టీ గోరు వెడల్పు ప్లాస్టిక్ ముక్క. దాని కొసన లోహం మీద నల్లటి పొర ఒకటి ఉంటుంది. పాలిపిర్రోల్ అనే పాలిమర్. మామూలు ప్లాస్టిక్కులా కాకుండా అది కరెంటును మోస్తుంది. ఆ పొర పెరుగుతున్నప్పుడే గ్లూకోజును పట్టే ఎంజైమును అందులో చిక్కించేస్తారు. రక్తం తగలగానే ఎంజైము తన పని చేస్తుంది, చిటికెడు కరెంటు పుడుతుంది, మీటరు దాన్ని అంకెగా చూపిస్తుంది. పొరకు ఇంకో పని కూడా ఉంది. కాపలా. రక్తంలో తిరిగే మిగతా పదార్థాలేవీ లోహం దాకా పోయి దొంగ కరెంటు పుట్టించకుండా అడ్డుకోవాలి. పొర బిగువుగా ఉంటేనే ఆ కాపలా. వదులైతే తలుపు తెరిచినట్టే.

వరూధిని చూపు మంచం పక్కనున్న మాత్రల మీద పడింది. పారాసిటమాల్. పొద్దున ఆరింటికి రెండు మింగింది.

గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. పట్టీలను పరీక్షించే గ్లూకోజు నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో ఉంది. స్టీలు గరిటెలో నాలుగు చుక్కలు పోసింది. పదహారో బ్యాచ్: నూట రెండు. పదిహేడో బ్యాచ్: నూట నాలుగు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ల్యాబులో పరీక్ష పాసయింది. అందుకే తను సంతకం పెట్టింది.

అప్పడాల కర్రతో మాత్రను నలిపి, చిటికెడు పొడి గరిటెలో కలిపింది.

పదహారో బ్యాచ్: నూట ఏడు.

పదిహేడో బ్యాచ్: మూడు వందల ముప్ఫై నాలుగు.

ఆమె గరిటె స్టవ్ గట్టు మీద పెట్టేసింది. ఊళ్ళన్నీ జ్వరంతో మూలుగుతున్నాయి. ఇంటింటా జనం జ్వరం మాత్రలు మింగుతున్నారు. వాళ్ళలో పద్నాలుగు మంది షుగరు రోగుల చేతుల్లో, వాడి చూడమని కంపెనీ క్యాంపులో ఇచ్చిన ఈ పట్టీలున్నాయి. మాత్ర మింగితే చాలు, లేని షుగరు కనిపిస్తుంది. కనిపించిన షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటారు.

లేని షుగరు మీద ఇన్సులిన్. ఫిట్స్. కోమా. ఆ తర్వాతిది ఆమె ఆలోచించదలచుకోలేదు.

ఫోనందుకుంది.

"బాషా! పదిహేడో బ్యాచ్ లిస్టు తియ్. అర్జెంట్!"

మహబూబ్ బాషా మహదేవపురలోని వాళ్ళ షెడ్డులో టెక్నీషియన్. కదిరివాడు. పొర వేసే యంత్రం దగ్గర రోజంతా నిలబడేది అతనే.

"ఏంది మేడమ్, జరమొచ్చినా మమ్మల్ని వదలరా? రెస్టు తీసుకోండి."

"లిస్టు తియ్యి ముందు! పద్నాలుగు మందిలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఎవరు?"

ఆ గొంతు విని బాషా మళ్ళీ హాస్యమాడలేదు. కాగితాల చప్పుడు వినిపించింది. "ఐదుగురు మేడమ్. నెంబర్లు చెప్తా, రాసుకోండి."

పది నిమిషాల్లో నలుగురు దొరికారు. నలుగురితోనూ ఒకటే మాట: ఆ పెట్టె ముట్టుకోవద్దు, సూది వేసుకోవద్దు, డాక్టరుకు చూపించుకోండి. ఒకాయన తిట్టాడు. ఒకావిడ ఏడ్చింది. నలుగురూ మాట్లాడారు. మాట్లాడుతున్నారంటే బతికున్నట్టే.

ఐదో పేరు అక్కయమ్మ. హొసకోటె. అరవై రెండేళ్ళు. సొంత ఫోను లేదు. రాసిన నెంబరు పక్కింటి సొన్నప్ప అంగడిది.

 క్యాంపులో అందరికన్నా బుద్ధిమంతురాలు ఆ ముసలమ్మే. చదువు రాదు. కోడలు పుష్పావతి ఏడో తరగతి దాకా చదివింది. వాళ్ళిద్దరి కోసమే వరూధిని డాక్టరు చెప్పిన లెక్కను తెలుగులో పెద్దక్షరాలతో అట్ట మీద రాసిచ్చింది. రెండు వందలు దాటితే నాలుగు యూనిట్లు. రెండు వందల యాభై దాటితే ఏడు. మూడు వందలు దాటితే పది. కింద తన సంతకం. మిగతా రోగులు బద్ధకిస్తారు, మరిచిపోతారు. అక్కయమ్మ మరిచిపోదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

అలాంటి మనిషికే ఇప్పుడు అందరికన్నా ఎక్కువ ప్రమాదం.

ఏడో రింగుకు అవతల ఫోనెత్తారు.

"యారు?" ఎవరని కన్నడంలో అడిగింది ఒక మగ గొంతు.

"సొన్నప్ప గారా? నేను షుగరు క్యాంపు వరూధినిని. అక్కయమ్మ గారు ఎలా ఉన్నారు?"

"ఓ, మేడమా! బాగుండారా? అక్కయమ్మకు జరం మేడమ్, మాత్రలు మింగతా ఉండాది. కాళ్ళు సేతులు పట్టుకొని పోయినాయి. మా బీదిలో అందరికీ అంతే. నాకూ అదే గతి."

"ఇప్పుడు ఏం చేస్తున్నారు ఆమె?"

"పండుకొని ఉండాది. పొద్దున్నే షుగరు జాస్తి ఉండాదని సూది ఏసినారంట. ఆపైన లేసిందే ల్యా."

"పుష్పావతిని పిలవండి. పరుగున రమ్మనండి!"

రెండు నిమిషాలు. వరూధిని మీటరు పక్కనున్న గడియారం చూస్తూ కూర్చుంది. తొమ్మిదీ నలభై.

"మేడమ్?" పుష్పావతి రొప్పుతోంది. "అత్త ఒకతీరుగా ఉండాది మేడమ్. ఒళ్ళంతా సెమట. పిలిస్తే ఏదో గొణుగుతాది. కండ్లు తెరవదు."

"పొద్దున మీటరులో ఎంతొచ్చింది? ఎంత సూది వేశావు?"

"ఏడు గంటలకు మూడు నూర్ల ఇరవై. అట్టలో రాసినట్టే పది ఏసినా. ఇబ్బుడు మళ్ళా సూసినా. మూడు నూర్ల పన్నెండు ఉండాది. తగ్గనే ల్యా. ఇంగో పది ఏసేద్దామని సూదిలోకి ఎక్కిచ్చి పెట్టి వచ్చినా."



"వద్దు! పుష్పా, వద్దు! అంకె అబద్ధం. మీటరు అబద్ధం చెబుతోంది. ఆమెకు షుగరు పడిపోయింది. సూది తీసి పారెయ్. ఇంట్లో చక్కెరుందా? తేనె? తడిపి చిగుళ్ళకు రుద్దు, వెంటనే ఆస్పత్రికి..."

"సక్కెరా?" పుష్పావతి గొంతులో అనుమానం. "మూడు నూర్లు ఉండాది మేడమ్. మీ మిషనే చెప్తా ఉండాది. మనిషిని సూసి మోసపోవద్దు, మిషన్ని నమ్మండి అని మీరే కదా మేడమ్ చెప్పింది?"

అవును. తనే చెప్పింది. మైకు పట్టుకుని చెప్పింది.

ఇంతలో సొన్నప్ప రిసీవరు లాక్కున్నాడు. "ఏమమ్మా, మేడమని చెప్పుకొని మాట్లాడే నువ్వెవరు? సక్కెర జబ్బు మనిషికి సక్కెర పెట్టమంటావా? మతి ఉండాదా నీకు? నా తమ్మునికి ఇట్లనే ఎవురో లడ్డూలు తినిపిచ్చి తినిపిచ్చి కాలు తీసేసినారు. ఆ మేడము ఇట్ల చెప్పే మనిషి గాదు. ఫోను పెట్టు!"

"నేనే ఆ మేడమ్‌ని! సొన్నప్ప గారూ..."

టక్కున పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. రిసీవరు పక్కన పడేశాడు.

హొసకోటె ఆస్పత్రికి చేసింది. ఉన్న ఒక్క అంబులెన్సు జ్వరం కేసుతో బయటికి పోయిందట. వచ్చాక పంపుతామన్నారు. ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. అడ్రసు రాసుకున్నారో లేదో కూడా తెలియలేదు.

మూడో ఫోను బాషాకు. "వ్యాను తీసుకురా. హొసకోటె పోవాలి."

నాలుగోది స్టాన్లీకి. కంపెనీ అతనిది. నాలుగేళ్ళ క్రితం ఉన్న ఉద్యోగం మానేసి పెట్టాడు. అంతా విన్నాడు.

"వరూ, ఫీవర్‌లో ఉన్నావు. గరిటెలో చేసిన టెస్టు టెస్టు కాదు. ల్యాబ్‌లో రిపీట్ చేద్దాం. రేపు ఇన్వెస్టర్స్ వస్తున్నారు తెలుసుగా..."

"అక్కడ ఒకావిడ చచ్చిపోతోంది స్టాన్లీ."

"ఆర్ యూ ష్యూర్?"

"చూసొచ్చి చెబితే లేట్ అవుతుంది. ఇంకా తొమ్మిది మందికి నువ్వు ఫోన్ చెయ్. ఎక్స్‌పైరీ అయిపోయిందను, ఎలక తినేసిందను, నీ ఇష్టం. పెట్టెలు మాత్రం మూయించు."

బాషా ఓమ్నీ వ్యానుతో పన్నెండు నిమిషాల్లో వచ్చాడు. వరూధిని మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టూ మోకాలిని కొరికింది. చేతిలో పదహారో బ్యాచ్ పెట్టె, మీటరు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. కె.ఆర్.పురం తీగల వంతెన దగ్గర బండ్లు ఆగిపోయాయి. బాషా ఎడమవైపు మట్టిలోకి దించి, ఆటోల మధ్య నుంచి దూరించాడు.

"తొందరగా పో బాషా."

"పోతానే ఉండా మేడమ్. రోజా ఉండి నీళ్ళు గూడా తాగలేదు నేను. మీరు నా రక్తం తాగుతాండారు."

 వరూధిని సొన్నప్ప నెంబరు మళ్ళీ కొట్టింది. ఎంగేజ్.

"ఒకటి చెప్పండి మేడమ్," అన్నాడు బాషా హారను మీద నుంచి చెయ్యి తీయకుండా. "పదహారు బ్యాచ్‌లు చేసినా. ఒక్కటీ తప్పు పోలేదు. ఇదెట్ల పోయింది? అదే ద్రావణం, అదే ఎంజైము. యంత్రంలో ఓల్టేజి సున్నా పాయింటు ఏడే పెట్టినా. నా సేత్తోనే పెట్టినా."

"ఎప్పుడు చేశావు అది?"

"దసరా సెలవులైనాక. మంగళవారం."

వరూధిని ఫోనును ఒళ్ళో పెట్టేసింది.

దసరా ముందు శనివారం. చుట్టుపక్కల షెడ్లన్నిటిలో ఆయుధపూజ. లేతు యంత్రాలకు గుమ్మడికాయలు, డ్రిల్లు మిషన్లకు మామిడి తోరణాలు. అటెండరు సుంకమ్మ పీట కడిగి ముగ్గేసి అడిగింది: "మన ఆయుధమేదమ్మా? ఏది పెట్టాల?" ఆమెకు ల్యాబులో ఏది ముఖ్యమో తెలియదు. వరూధినికి తెలుసు. రిఫరెన్స్ ఎలక్ట్రోడు. పెన్నంత గాజు గొట్టం, లోపల వెండి తీగ. దాన్ని ఆధారం చేసుకునే యంత్రం ప్రతి ఓల్టునూ కొలుస్తుంది. అది తప్పితే అన్నీ తప్పుతాయి. ఎప్పుడూ ఉప్పు ద్రావణంలో మునిగి ఉండాలి. క్షణం ఎండినా చెడుతుంది. "ఎవ్వరూ ముట్టుకోరాదు" అని గోడ మీద రాసింది కూడా ఆమే.

ఆ ఎలక్ట్రోడును తనే సీసాలోంచి తీసి, తుడిచి, గంధం బొట్టు పెట్టి, కుంకుమద్ది పీట మీద పెట్టింది. గంటలో తీసేద్దామనుకుంది. సాయంత్రం తీయబోతే సుంకమ్మ చెంపలేసుకుంది. "అయ్యయ్యో, విజయదశమి దాకా కదపరాదమ్మా!" వరూధిని నవ్వి ఊరుకుంది. మంగళవారం తను ముందుగా వచ్చి కొత్తది పెట్టేద్దామనుకుంది. పండక్కి తెనాలి వెళ్ళింది. మంగళవారం అక్కడి నుంచి వచ్చే రైలు నాలుగు గంటలు లేటు. ఆమె వచ్చేసరికి ఎలక్ట్రోడు సీసాలో బుద్ధిగా మునిగి ఉంది. సుంకమ్మ శుభ్రంగా కడిగి పెట్టేసింది. బాషా పొరలు వేసేశాడు. గ్లూకోజు పరీక్ష పాసయింది. మాత్రలతో పరీక్ష ఐదు బ్యాచ్‌లకు ఒకసారే. అయిపోయిందిలే అనుకుంది.

మూడు రోజులు ఎండిన ఎలక్ట్రోడు. దాని అడుగున సన్నని రంధ్రంలో గంధం. యంత్రం సున్నా పాయింటు ఏడు అనుకుంది. పొర మీద పడ్డది ఎంతో దేవుడికి తెలియాలి. పొర వదులుగా, స్పాంజిలా పెరిగింది.

ఆమె మెల్లగా అదంతా చెప్పింది. బాషా ముందున్న లారీని దాటాడు.

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

"సిగ్గేసింది. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని మిమ్మల్ని అందర్నీ తిట్టి, నేనే తీసి పూజలో పెట్టానని ఎలా చెప్పను? అందులోనూ నీకు..."

"నాకేంది? మీ పూజకు నేనడ్డమా? మా ఇంట్లో పీర్లకు ఊదేసినబ్బుడు మా నాయన కుట్టుమిషనుకు గూడా పొగ ఏస్తాడు. దాన్ని నిందిస్తానా?" అతని గొంతు పెరిగింది. "పూజ తప్పు గాదు మేడమ్. చెప్పకుండా ఉండింది తప్పు. ఒక్క మాట చెప్పుంటే కొత్తది తీసుకుందును. ఒక్క మాట!"

వరూధిని తల ఊపింది. 

పదీ యాభైకి హొసకోటె పాతపేట సందులోకి వ్యాను తిరిగింది. ఇంటి ముందు ఏడెనిమిది మంది మూగి ఉన్నారు. ఏడుపులు లేవు. అది మంచిదో చెడ్డదో వరూధినికి అర్థం కాలేదు.

లోపల చాప మీద అక్కయమ్మ. జాకెట్టు తడిసి ముద్దయింది. దవడలు బిగుసుకున్నాయి. ఎడమ చెయ్యి చిన్నగా అదురుతోంది. పక్కన పుష్పావతి. ఆమె పక్కన నేల మీద సూది.

సూది ఖాళీగా ఉంది.

"వేసేశావా?" అడిగింది వరూధిని.

పుష్పావతి తలెత్తింది. "ఇబ్బుడే, అర్ధగంట ముందు. ఫోన్లో అరిచింది మీరో కాదో నాకేం తెల్సు మేడమ్? అట్టలో మీ సంతకం ఉండాది."

వరూధిని మోకాళ్ళ మీద కూలబడి అక్కయమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. శరీరం చల్లటి పిండిలా ఉంది. "బాషా, వ్యాను తలుపు తెరువు. ఎవరైనా అంగట్లో గ్లూకోజు పొడి తెండి. తొందరగా!"

ఎవరూ కదల్లేదు. గడపలో సొన్నప్ప చేతులు చాపి నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి. మోకాళ్ళకు నూనె గుడ్డలు కట్టుకున్నాడు.

"మీరు మేడమే. ఒప్పుకుంటా. అయితే నా అంగట్లో గ్లూకోజు ఇయ్యను. ముసిల్దాన్ని సంపిన పాపం నాకొద్దు. మిషన్లో మూడు నూర్లు ఉండాది. నా కండ్లతో సూసినా."

వాదిస్తే పది నిమిషాలు పోతాయి. పది నిమిషాలు లేవు. వరూధిని పుష్పావతి పక్కనున్న పెట్టెలోంచి పదిహేడో బ్యాచ్ పట్టీ ఒకటి లాగింది.

"పోయిన నెల క్యాంపులో నీ షుగరు చూశాను సొన్నప్పా. ఎంతొచ్చింది?"

"తొంభై. నాకా రోగం ల్యా."

"ఈ పొద్దు జ్వరం మాత్ర మింగావా?"

"మింగకుండా ఎట్ల నడిసేది? రెండు మింగినా."

"చెయ్యి ఇటివ్వు."

అతను తేరుకునేలోపు వేలు పట్టుకుని పొడిచింది. చుక్క పట్టీకి అంటించి, మీటరు అతని ముఖం ముందు పెట్టింది. గడపలో జనం మెడలు చాచారు. పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లలో అక్కయమ్మ చెయ్యి మూడుసార్లు అదిరింది. వరూధిని లెక్కపెట్టింది.

రెండు వందల అరవై ఆరు.

 సొన్నప్ప గోడకు ఆనుకున్నాడు. "నాకూ వచ్చేసిందా? అప్పా, నాకూ కాలు తీసేస్తారా?"

"నీకు రాలేదు!" వరూధిని పదహారో బ్యాచ్ పట్టీ తీసి, అదే వేలి చుక్కను అంటించింది. "చూడు."

నూట మూడు.

"నీకు షుగరు లేదు. మింగిన మాత్రను చూసి ఈ పట్టీ అబద్ధం చెబుతోంది. అక్కయమ్మకూ అదే చెప్పింది. ఆమె ఒంట్లో చక్కెర లేక చచ్చిపోతోంది. అర్థమైందా?"

ఆమె మాట పూర్తయ్యేలోపే సొన్నప్ప మోకాళ్ళ నొప్పి మరిచి అంగడి వైపు పరుగెత్తాడు. చేతిలో గ్లూకోజు డబ్బాతో తిరిగొచ్చాడు, మూత పళ్ళతో పీకుతూ.

వరూధిని పొడిని తడి చేసి వేలితో అక్కయమ్మ బుగ్గ లోపల, చిగుళ్ళ మీద రుద్దింది. నీళ్ళు పొయ్యలేదు. స్పృహలేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బాషా, సొన్నప్ప చాపతో సహా ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు. దారంతా పుష్పావతి అత్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వరూధిని వేలు అక్కయమ్మ పళ్ళ మధ్య నలిగి నెత్తురొచ్చింది.

ఆస్పత్రిలో మంచాలన్నీ జ్వరం కేసులతో నిండి ఉన్నాయి. వరండాలో నేల మీదే పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్ళ కింద నల్లటి వలయాలు. ఆస్పత్రి మీటరులో చూసింది.

"ఇరవై ఆరు," అంది. తర్వాత పెద్దగా అరిచింది: "సిస్టర్! డెక్స్‌ట్రోస్!"

ముసలి చేతిలో నరం దొరకలేదు. ఒకసారి. రెండోసారి. మూడోసారి మోచేతి మడతలో దొరికింది. చిక్కటి గ్లూకోజు నెమ్మదిగా ఎక్కించారు. ఆపైన సీసా తగిలించారు. ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు. వరూధిని గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ నిలబడింది. ఫోను మోగింది. స్టాన్లీ. తీయలేదు.

"ఇన్సులిన్ ఎంత వేశారు?" డాక్టరమ్మ రిజిస్టరు తెరిచింది.

"ఏడింటికి పది. పదింబావుకు ఇంకో పది."

"ఇంత ఎందుకు వేశారు? ఈమె ఏమైనా తప్పుగా చూసిందా?" కలం పుష్పావతి వైపు తిరిగింది. 

"ఆమె తప్పు లేదు," అంది వరూధిని. "స్ట్రిప్ తప్పు. పదిహేడో బ్యాచ్. పారాసిటమాల్ తీసుకుంటే రీడింగ్ రెండు మూడు రెట్లు చూపిస్తోంది. అలాగే రాయండి. తయారుచేసింది నేను. నా పేరు కూడా రాయండి."

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "రాస్తే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు."

రాసింది. వరూధిని ఫోను మళ్ళీ మోగి ఆగిపోయింది. ఒక మెసేజ్ వచ్చింది: తొమ్మిది మందీ సేఫ్. ఎవరికీ ఏమీ రాసివ్వకు. ఆమె ఫోను చేతి సంచిలో పడేసింది.

పదకొండూ నలభైకి అక్కయమ్మ కళ్ళు తెరిచింది. ముందు పైకప్పును చూసింది. తర్వాత కోడల్ని. తర్వాత పైన వేలాడుతున్న సీసాను.

"అదేంది?"

"గ్లూకోజు అత్తా."

"గ్లూకోజా?" ముసలమ్మ ఒక్క ఉదుటున లేవబోయింది. కుడిచెయ్యి ఎడమచేతి సూది మీదికి పోయింది. "తియ్! తియ్యే! సక్కెర నీళ్ళు నా ఒంట్లోకి ఎక్కిస్తారా? సంపేస్తారా నన్ను?"

వరూధిని ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. "అక్కయమ్మా, వద్దు. ఇది తీస్తే ప్రమాదం. నేను చెబుతున్నా కదా."

ముసలమ్మ ఆమెను గుర్తుపట్టింది. కంగారు తగ్గింది. "నువ్వా తల్లీ. నువ్వుంటే సరే. ఎంత ఉండాది నాకు? ఇంగో సూది ఎయ్యాల్నా? అట్టలో ఏం రాసినావు?"



"అట్ట చింపెయ్యాలి అక్కయమ్మా. పట్టీలు తప్పుగా చేశాను. నీకు షుగరు ఎక్కువ లేదు. నేనిచ్చిన పట్టీ ఉన్నట్టు చూపించింది. నిన్ను ఈ గతికి తెచ్చింది నేనే."

అక్కయమ్మ అర్థం కానట్టు కోడలి వైపు చూసింది. పుష్పావతి తల ఊపింది. వరండాలో ఎవరో దగ్గుతున్నారు. సొన్నప్ప మెట్ల మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. బాషా వ్యాను పక్కన నిలబడ్డాడు, లోపలికి రాకుండా.

ముసలమ్మ తన చేతిని వరూధిని చేతిలోంచి మెల్లగా లాక్కుంది. కోపంగా కాదు. వేడి గిన్నె మీద నుంచి తీసుకున్నట్టు. ఆ చేతిని కోడలి చేతిలో పెట్టింది.

"రెండో సూది ఇంకా పనిచేస్తా ఉంటుంది," అంది డాక్టరమ్మ. "సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ పడిపోవచ్చు. అర్ధగంటకోసారి చూడాలి."

నర్సు మీటరుతో వంగింది. అక్కయమ్మ పిడికిలి బిగించింది.

"వద్దు."

"చూడాలమ్మా. లేకపోతే ఎట్ల తెలుస్తుంది?"

"వద్దంటే వద్దు. మిషను నాకొద్దు."

పిడికిలి మీద ఎముకలు తెల్లగా తేలాయి. వరూధిని ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. తను ఏం చెప్పినా ఆ పిడికిలి ఇంకా బిగుసుకుంటుంది. డాక్టరమ్మ సీసా వైపు, గడియారం వైపు చూసింది. నుదుట మళ్ళీ చెమట పుడుతోంది ముసలమ్మకు. సన్నగా, చుక్కలు చుక్కలుగా.

పుష్పావతి ముందుకు వంగింది. "అత్తా, ఇది వాళ్ళది గాదు. ఆస్పత్రిది. ముందు నాది సూస్తారు. నాకు సరిగా వస్తే నీది సూద్దాం. సరేనా?"

నర్సు విసుక్కోకుండా పుష్పావతి వేలు పొడిచింది. తొంభై ఒకటి. పుష్పావతి మీటరును అత్తకు చూపించింది. అంకెలు చదవడం రాని ఆ కళ్ళు అంకె మీద కాసేపు నిలిచాయి. తర్వాత కోడలి ముఖం మీద ఇంకా ఎక్కువసేపు నిలిచాయి.

పిడికిలిలోంచి ఒక్క వేలు బయటికొచ్చింది.

వరూధిని వరండా స్తంభం దగ్గర నిలబడింది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

"యాభై ఎనిమిది," అంది నర్సు. "పడిపోతా ఉండాది డాక్టర్."

"ఇంకో సీసా తగిలించు. తొందరగా."

ఈసారి అక్కయమ్మ సూదిని లాగలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, ఆ సక్కెర నీళ్ళు చుక్క చుక్కగా దిగడం చూస్తూ పడుకుంది.